ఓడలో ఆడమనిషి

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా ఓడ మంచులో ఇరుక్కుంది. నా చేతులు ఆగిపోయాయి. సముద్రం గడ్డకట్టడమేమిటి, అంతటి ఓడను అడకత్తెరలో పోకచెక్కలా రెండు పక్కల నుంచీ నొక్కడమేమిటి! నేను పుట్టి పెరిగిన జనగామలో చెరువు ఎండిపోవడం చూశాను గాని గడ్డకట్టడం ఎరుగను. నా చెవిలో కథ చదువుతున్న ఆవిడ మాత్రం తొణక్కుండా చదువుకుంటూ పోతోంది. చెక్కలు కిర్రుమంటున్నాయట, కెప్టెన్ లాంతరు పట్టుకుని మెట్లు దిగుతున్నాడట. సరిగ్గా అప్పుడే కుక్కర్ విజిల్ వేసింది, వాషింగ్ మెషీన్ తన పని అయిపోయిందని పాట పాడింది, హాల్లోంచి మా ఆయన "తారా, చాయ్ అయితదా?" అని కేకేశారు. కెప్టెన్‌ను మెట్ల మీదే నిలబెట్టి నేను చాయ్ పెట్టాను.

నేను కథలు వినడానికి ఒక పద్ధతి ఉంది. ఎడమ చెవి నాది, కుడి చెవి ఇంటిది. పోచారంలో ఉద్యోగం చేసే మా అమ్మాయి ప్రజ్ఞ నా పుట్టినరోజుకు తెల్లటి చిన్న డబ్బాలో ఇయర్‌బడ్స్ కొనిచ్చి, పాత నవలలు చదివి వినిపించే యాప్ ఒకటి నా ఫోన్లో పెట్టింది. అందులో ఎడమదొక్కటే వాడతాను. రెండూ పెట్టుకుంటే కుక్కర్ విజిళ్లు ఎవరు వినాలి? ట్యాంకు నిండి పొర్లే నీళ్ల చప్పుడు ఎవరు వినాలి? అన్నిటికంటే ముఖ్యం అత్తమ్మ గ్లాసు. చూపు పోయిన మా అత్తమ్మ వెంకటనర్సమ్మ హాల్లో బాల్కనీ పక్కన ఇనప మంచం మీద ఉంటుంది. ఏం కావాలన్నా స్టీలు గ్లాసుతో మంచం పట్టీ మీద టంగుటంగుమని కొడుతుంది. ఆ చప్పుడుకు నేను ఎంత నిద్రలో ఉన్నా లేస్తాను. అందుకని కుడి చెవిది డబ్బాలోనే పడుకుని ఉంటుంది, కొన్ననాటి మెరుపు దానికి ఇంకా పోలేదు.

ఒకప్పుడు నాచారంలోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. అత్తమ్మకు షుగర్ వల్ల చూపు పోయి, ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నప్పుడు ఇంట్లో ఎవరుండాలి అన్న మాటే రాలేదు. మా ఆయన రాఘవేంద్ర ఏఎస్ రావు నగర్ పక్కన పెద్ద ప్రభుత్వ కంపెనీలో ఇంజినీరు. "నీదేముంది తారా, ప్రైవేటు స్కూలే గద" అన్నారు. వెటకారానికి అనలేదు. వెటకారానికి అని ఉంటే నాలుగు మాటలు నేనూ అనేదాన్ని. ఆయన నిజంగానే అలా అనుకున్నారు, ఆ నిజంతో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు. బడి మానేశాక నన్ను గురించి ఎవరడిగినా ఇంట్లో ఒకటే జవాబు, "ఇంట్లనే ఉంటది గద." కరెంటు మీటరు చూసేవాళ్లు వస్తే ఇంట్లనే ఉంటది గద. నారపల్లిలో ఉండే మా ఆడబిడ్డ అరుణకుమారికి చుట్టాలు వచ్చి ఉప్పల్ చౌరస్తా నుంచి కూరగాయలు పంపాలంటే, వదిన ఇంట్లనే ఉంటది గద. ఖాళీగా ఉండే మనిషికి ఎన్ని పనులుంటాయో ఖాళీగా ఉండి చూసినవాళ్లకే తెలుసు.

అందుకే ఆ చదివే ఆవిడకు నేనెంత రుణపడి ఉన్నానో చెప్పలేను. ఎవరో ఏమిటో తెలియదు. కొంచెం బొంగురు గొంతు. పెద్ద వాక్యం ముగిశాక ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది, ఒక్కోసారి గుటక వేయడం కూడా. మా ఇంట్లో చదివి వినిపించే పని నాదే. అత్తమ్మ మందుల మీద పేర్లు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నోటీసులు, ఆయన కళ్లజోడు దొరకని పూట పేపర్లో హెడ్డింగులు, అన్నీ నేనే చదవాలి. అలాంటి నాకు, ఒక మనిషి కుదురుగా కూర్చుని, గొంతు తడారితే నీళ్లు తాగి మరీ, ఓపికగా చదివి వినిపిస్తోంది. నేను మధ్యలో ఆపి చాయ్ పెట్టి వస్తే విసుక్కోదు. ఆపినచోటే నా కోసం ఎదురుచూస్తుంది. ఎడారులు చూపించింది, కోటలు చూపించింది, దొంగల గుహల్లోకి తీసుకెళ్లింది. మొదటి నవల పూర్తయిన రోజు నేను పప్పు గుత్తి చేత్తో పట్టుకుని ఏడ్చాను. కథ విషాదమై కాదు. నా కోసం ఒకరు ఇంతసేపు చదివారని.

అత్తమ్మకు ఈ సంగతి నా నవ్వు వల్ల తెలిసింది.

"ఒక్కదానివే నవ్వుతున్నవేందే?" అంది ఒక సాయంత్రం, నేను తల దువ్వుతుంటే. ఆమెకు రోజూ సాయంత్రం తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, చిన్న ముడి వేస్తాను. నాకు భయమేసింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు నేను వారపత్రిక పట్టుకుంటే చాలు, "పుస్తకం ముందటేసుకుంటే బువ్వ మాడుతది" అనేది. అన్నం మాడిన రోజు ఒక్కటీ లేదు, అయినా ఆ మాట మాత్రం ఎన్నేళ్లయినా ఆరలేదు.

"ఏం లేదత్తమ్మా, కథ ఇంటున్న. ఓడ కథ. గడ్డకట్టిన సముద్రం దాటి అవతలి దారి వెతకడానికి మొగోళ్లంత ఓడెక్కి పోయిన్రు. మంచుల ఇరుక్కున్నరు."

"ఎంత మంది?"

"మస్తు మంది. నూరు మంది దాక ఉంటరు."

అత్తమ్మ వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. తర్వాత అడిగింది, "మరి బోళ్లు ఎవలు తోముతున్నరు?"

దువ్వెన నా చేతిలోనే ఆగింది. ఆ నవలకు ముందుమాట ఒకటి ఉంది, ఎవరో పెద్దాయన రాసింది, మానవుడి సాహసం గురించి, అన్వేషణ గురించి. అందులో బోళ్ల మాట లేదు. ఆ ఓడలో వంటవాడు ఒకడున్నాడు గాని, అతను రెండు అధ్యాయాలకు ఒకసారి వచ్చి చారు పోసి మాయమవుతాడు. నూరు మంది తిన్న బోళ్లు, నూరు మంది తడిసిన మేజోళ్లు, జ్వరం వచ్చినవాడి నుదుటి మీద తడిగుడ్డ, ఇవన్నీ ఎవరు చూస్తున్నారు? సైన్సు టీచరునై ఉండి కూడా నేను ఈ ప్రశ్న అడగలేదు. లేదని చెప్తే అత్తమ్మ కథ నమ్మడం మానేస్తుందనిపించి, గబుక్కున అనేశాను, "ఉందత్తమ్మా, ఓడల ఒక ఆడమనిషి ఉంది. వంటాయన పెండ్లాం."

"పేరేంది?"

"నీలమ్మ."

"ఇంగ్లీషోళ్లల్ల నీలమ్మనా?"

"వాళ్ల పేరు మనకు నోరు తిరగదని మార్చి చెప్తున్న."

"మంచి పని జేసినవ్" అంది అత్తమ్మ, తల కాస్త వెనక్కి వాల్చి.

ఆ రోజు నుంచి నీలమ్మ ఆ ఓడలో కాపురం పెట్టింది. పొద్దుటి నుంచి పనుల మధ్య నేను విన్న ముక్క సాయంత్రానికి అత్తమ్మకు చెప్పేదాన్ని, నీలమ్మను కలిపి. తుఫాను వస్తే నీలమ్మ గిన్నెలన్నిటినీ తాడుతో కట్టేసేది. తిండి తగ్గిపోతుంటే గంజి పలచన చేసి అందరికీ సమంగా పోసేది. "ముందుగాల చిన్నోళ్లకు పోయాలె, ఆ కెప్టెన్ లావుగున్నడు, ఆఖర్కి తింటడు తియ్" అని అత్తమ్మ దిద్దేది. నేను మర్నాడు అలాగే పోయించేదాన్ని. ఓడ అడుగు చెక్క చిట్లుతోందని మొదట కనిపెట్టింది కూడా నీలమ్మే. పొయ్యి పక్కన గోడకు ఆనుకుని పడుకునేది ఆమే కదా. ఆమె చెబితే కెప్టెన్ వినలేదు. "ఇనడు" అంది అత్తమ్మ, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. "ఇంటె కథ ఎట్ల నడుస్తది?"

ఇద్దరం నవ్వుకున్నాం. పెళ్లై వచ్చిన ఇన్నేళ్లలో మేమిద్దరం ఒకే విషయానికి ఒకేసారి నవ్వడం అదే మొదలు.

స్పీకరు పెట్టి ఇద్దరం కలిసే వినొచ్చు కదా అని ప్రజ్ఞ అంది. ఒకసారి పెట్టాను కూడా. "ఇంట్ల జర ప్రశాంతంగ ఉండనియ్యరా?" అన్నారు మా ఆయన, మోగుతున్న టీవీ ముందు కూర్చుని. మళ్లీ పెట్టలేదు.

అత్తమ్మ పడిపోయింది రెండో శనివారం. ఆయనకు సెలవు. సాయంత్రం కంపెనీ స్నేహితులు వస్తారని మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కుంటూ చెప్పారు, మిర్చిబజ్జీలు చేస్తే బాగుంటుందన్నారు. వంటింట్లో మిక్సీ, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, నా ఎడమ చెవిలో ఓడ చెక్కలు చిట్లే చప్పుడు. అత్తమ్మ తల దువ్వే వేళ దాటిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది గాని చేతులకు శనగపిండి. మిక్సీ ఆపిన క్షణంలో హాల్లో దబ్బుమన్న చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. వంటింటి గుమ్మానికి కాస్త ఇవతల, కాళ్లు తుడుచుకునే పట్టా మీద అత్తమ్మ పడి ఉంది. కుడి మణికట్టు ఒంటి కింద పడింది. మా ఆయన అప్పుడే సోఫాలోంచి లేస్తున్నారు. టీవీలో క్రికెట్ నడుస్తూనే ఉంది.

ఏఎస్ రావు నగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మణికట్టులో చీలిక అన్నాడు, కట్టు వేశాడు. ఇంటికొచ్చేసరికి అరుణకుమారి నారపల్లి నుంచి వచ్చి కూర్చుని ఉంది.

"వదినా, ఏమన్న అనుకో. చెవులల్ల గవి పెట్టుకుని తిరిగితే అమ్మ గ్లాసు కొట్టింది ఎట్ల ఇనపడ్తది?"

"ఒక్క చెవిలనే పెట్టుకుంట అరుణా."

"ఒక్కటైతేంది, రెండైతేంది? పానం అందుల్నే ఉండె గద."

మా ఆయన అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు. డబ్బా అందుకుని, "కొన్నాళ్లు ఇవి వద్దులే తారా" అని బీరువా మీద, నా చెయ్యి అందనంత ఎత్తులో పెట్టారు. సైన్సు క్లాసులో పిల్లల దగ్గర నుంచి నేను కూడా గోలీలు, బొంగరాలు అలాగే తీసుకుని అల్మరా మీద పెట్టేదాన్ని. సాయంత్రం బడి వదిలాక తిరిగిచ్చేసేదాన్ని కూడా.

విచిత్రమేమిటంటే, నేను వాళ్ల మాట నమ్మాను. గ్లాసు మోగే ఉంటుంది, నేనే వినలేదు అనుకున్నాను. రాత్రీ పగలూ దాని చప్పుడు కోసం ఇన్నేళ్లూ కాపలా పెట్టిన నా కుడి చెవినే నేను అనుమానించాను. సోఫాకూ అత్తమ్మ మంచానికీ మధ్య ఒక టీపాయ్ మాత్రమే ఉంటుంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు, ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఇల్లు నిజంగానే ప్రశాంతంగా అయింది. కథను ఫోన్లో మామూలుగా పెట్టుకుని వినొచ్చు. కాని ఆ గొంతు వినిపించిందంటే అందరి కళ్లూ అత్తమ్మ చేతికట్టు మీదికి పోతాయని భయం. చిక్కుడుకాయలు మళ్లీ ఉత్త చిక్కుడుకాయలయ్యాయి. అంట్లు అంట్లే. కుక్కర్ విజిల్ వేస్తే ఎక్కడి నుంచీ తిరిగి రానక్కరలేదు, ఉన్నచోటే ఉన్నాను. ఒక మనిషికి ఉన్న ఒక్క కిటికీ మూస్తే గది ఎంత చిన్నదో అప్పుడు తెలుస్తుంది. ఇక వినను, నా వల్ల కాదు, ఈ వయసులో నాకెందుకీ ఓడలు అని మనసును సర్దుకోవడం మొదలుపెట్టాను. అలా సర్దుకోవడంలో నాకు మంచి అనుభవం ఉంది, బడి మానేసినప్పుడు కూడా ఇలాగే సర్దుకున్నాను.

అత్తమ్మ కూడా మాట్లాడటం తగ్గించేసింది. తల దువ్వుతుంటే గోడ వైపు తిరిగి కూర్చునేది. అన్నం రెండు ముద్దలు తిని చాలనేది. నొప్పి అనుకున్నాం. నా మీద కోపం అని నేను లోలోపల అనుకున్నాను.

వారం దాటాక ఆదివారం అరుణకుమారి మళ్లీ వచ్చింది. ప్రజ్ఞ కూడా ఇంట్లోనే ఉంది. అందరం హాల్లో కూర్చున్నాం. కుక్కర్ పొయ్యి మీద పెట్టి వచ్చి నేను అత్తమ్మ తలకు నూనె రాసి దువ్వుతున్నాను. ఉన్నట్టుండి ఆమె ఎడమ చేత్తో గ్లాసు తీసి మంచం పట్టీ మీద కొట్టింది.

"ఏం కావాలె అమ్మా?" అంది అరుణకుమారి.

"నీలమ్మ బతికిందా?"

నాకు తప్ప హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. అరుణకుమారే మళ్లీ అడిగింది, "నీలమ్మ ఎవలమ్మా?"

"ఓడల ఉన్నది. మంచుల ఇరుక్కున్నది."

అరుణకుమారి ముఖం పాలిపోయింది. లేచి వాళ్లన్న చెవి దగ్గరకెళ్లి, అందరికీ వినిపించేలా గుసగుసలాడింది, "అన్నా, అమ్మకు మతి తప్పుతున్నది. దవాఖానల సూపియ్యాలె. తలకు గిట్ల దెబ్బ తాకిందేమో."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మతి బాగనే ఉంది అరుణా. అది నేను చెప్పే కథ."

"నాకు మతి తప్పలె" అంది అత్తమ్మ గట్టిగా. "ఇది కథ జెప్పుడు బంద్ జేసింది. నా మీద కోపానికొచ్చింది. పడ్డనని."

"నాకు కోపమా? అత్తమ్మా, నువ్వు గ్లాసు కొట్టింది నేను ఇనలేదని నీకే కోపం అనుకున్న."

"గ్లాసు ఎవలు కొట్టిన్రే?" ఆమె చూపులేని కళ్లు నా గొంతు వైపు తిరిగాయి. "నేను కొట్టలె. ఎవ్వల్ని పిలువలె. పొద్దు గూకవట్టె, నువ్వు తల దువ్వ రాకపోతివి. ఓడ పగిలిందా లేదా అని నా పానం ఆగలె. నువ్వేమో పనిల ఉంటివి, నేనే వంటింట్లకొచ్చి అడుగుదామని గోడ పట్టుకుని లేసిన. ఆ పట్టా కాలుకు తాకింది. గంతే."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేం నానమ్మా?" అంది ప్రజ్ఞ.

"చెయ్యి ఎట్లుందని అందరడిగిన్రు బిడ్డా. ఎందుకు లేసినవని ఎవలన్న అడిగిన్రా?" కట్టు వేసిన చేతిని ఒళ్లో సర్దుకుంది. "అయినా, ఒకయాల్ల నేను పిలిచిన్నే అనుకో. రాఘవ ఆడనే కూసుండె గద. వాని చెవులల్ల ఏముండె?"

టీవీ ఆపి ఉంది, అందుకని ఆ మాట హాలంతా తిరిగి వచ్చింది. మా ఆయన తల వంచుకుని కాసేపు టీపాయ్ వైపు చూశారు. అది ఎంత చిన్నదో ఆయనకూ అప్పుడే కనిపించినట్టుంది. లేచి లోపలికి వెళ్లి, బీరువా మీది డబ్బా తెచ్చి నా పక్కన పెట్టారు. "నాకు గట్ల తోచలే తారా" అన్నారు. ఆయన నుంచి అంత మాట వస్తుందని నేను అనుకోలేదు, అది చాలదని కూడా నాకు తెలుసు.

అత్తమ్మ పాదాలు పట్టుకోవాలనిపించింది. పుస్తకం ముందటేసుకుంటే బువ్వ మాడుతదన్న మనిషి, నా కథ కోసం చీకట్లో గోడ పట్టుకుని లేచి నడిచింది. చెయ్యి విరగ్గొట్టుకుంది. నేను చెప్పేది వినడానికి ఇంత కష్టపడి నా దగ్గరికి బయలుదేరిన మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు. ఆ కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక డబ్బా పక్కన పెట్టి, ఫోన్లోనే స్పీకరు పెట్టి, అందరి ముందూ కథ మొదలుపెట్టాను. ఆ బొంగురు గొంతు, ఆపినచోటు నుంచే, నన్నేమీ అడక్కుండా అందుకుంది. ఓడ రెండుగా విడిపోతోంది. కెప్టెన్ ఆజ్ఞలిస్తున్నాడు. నావికులు పడవలు దింపుతున్నారు.

అత్తమ్మ చెవి ఒగ్గి వింది. కాసేపయ్యాక చిరాగ్గా, "నీలమ్మ ఏది?" అంది.

దాచి లాభం లేదు. "నీలమ్మ పుస్తకంల లేదత్తమ్మా. నేనే పెట్టిన."

అరుణకుమారి నోరు తెరిచి చూసింది. అత్తమ్మ మాత్రం ఆలోచించింది. "ఓడల నీలమ్మ లేకుంటె వాళ్లు గిన్నొద్దులు ఎట్ల బతికిన్రు?" అని, తనే తేల్చేసింది. "ఆ పుస్తకం రాసినోనికి తెల్వక ఇడిసిపెట్టిండు. అది బంద్ జెయ్యి. నువ్వు జెప్పు."

ఫోను ఆపి మళ్లీ దువ్వెన అందుకున్నాను. మనసులో ఆ చదివే ఆవిడకు దణ్ణం పెట్టుకున్నాను. ఆవిడ ఏమీ అనుకోదు, ఎప్పటిలాగే నాకోసం ఆగుతుంది.

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. హాల్లో ఇంత మంది ఉన్నా, ముందుగా విన్నది నా కుడి చెవే. ఒంట్లో ప్రతి కీలూ లేవడానికి సిద్ధమైంది, చేతిలోని దువ్వెన మంచం మీద పెట్టబోయాను కూడా.

పెట్టలేదు.

"ఏమండీ, ఇంకో రెండు విజిళ్లు వచ్చినంక స్టవ్ బంద్ చెయ్యండి. అట్లనే అందరికీ చాయ్ పెట్టండి. రోజూ ఈ టైముకు నాకు కుదరదు, అత్తమ్మకు కథ చెప్పాలె" అన్నాను.

సోఫా కిర్రుమంది. ఆయన అడుగులు వంటింటి వైపు వెళ్లాయి. నేను అటు చూడలేదు. అత్తమ్మ జుట్టును ముడికి పోగుచేసి, ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టాను.

"ఓడ మునుగుతున్నది. కెప్టెన్ ఇంక ఆలోచిస్తనే ఉన్నడు. నీలమ్మ కొంగు నడుముకు చెక్కి, ఆఖరి గిన్నె కడగకుండ ఆడనే ఇడిసిపెట్టి, మంచు మీద కాలు పెట్టింది."